మందు ఇవ్వని డాక్టరమ్మ

ఫ్రిస్కో,
9 ఫిబ్రవరి 2025

చిరంజీవి ఫణికి, మీ మామయ్య కోటేశ్వరరావు ఆశీస్సులు.

ఈ ఉత్తరం రాయకుండా వదిలేద్దామనే అనుకున్నాను. ఈ దేశంలో ఉత్తరం రాయాలంటే తద్దినం పెట్టినంత పని. కవరు ఒక షాపులో, స్టాంపు ఇంకో షాపులో. రెండూ దొరికాక, "వాట్సాప్‌లో పెట్టొచ్చుగా నాన్నా" అని నీ మరదలు ప్రణీత అడిగే ప్రశ్న ఒకటి. వాట్సాప్‌లో పెడితే నువ్వు బొటనవేలు బొమ్మ పంపి ఊరుకుంటావు. ఫోన్ చేద్దామంటే చెవిలో హోరు, గొంతులు గుచ్చుకుంటాయంటావు. ఉత్తరమైతే చెవిలో గుచ్చుకోదు, బొటనవేలు చూపించి తప్పించుకోవడానికీ వీల్లేదు.

విషయానికి వస్తాను. నువ్వు ప్రతి మంగళవారం ఒక డాక్టరమ్మ దగ్గరకు వెళ్తున్నావని, ఆవిడ మందు ఇవ్వదు, సూది వేయదు, నాడి చూడదు, ఊరికే మాట్లాడిస్తుందని ప్రణీత చెప్పింది. డబ్బు కూడా నువ్వు కట్టక్కర్లేదట, మాజీ సైనికుడివి కాబట్టి సర్కారే చూసుకుంటుందట. అక్కడే నాకు తల తిరిగింది. సర్కారు ఊరికే ఎవరి కష్టసుఖాలూ విచారించదు. ఆదోనిలో గానీ అమెరికాలో గానీ.

ఈ విద్య నాకు తెలియనిది కాదని నీకు గుర్తు చేస్తున్నాను. పగలు జిన్నింగ్ మిల్లులో గుమాస్తాగిరీ వెలగబెట్టినా, సాయంత్రం పత్తి మార్కెట్ వెనకాల బల్ల వేసుకుని నేను హోమియోపతి చేసిన సంగతి ఊరందరికీ తెలుసు. పుస్తకాలు చూసి నేర్చుకున్న వైద్యమే, అయినా మనుషులు వచ్చేవాళ్లు. పులిపిరికాయకు మందడగడానికి వచ్చిన హమాలీని కూర్చోబెట్టి, నీకు ఉరుములంటే భయమా, ఉప్పెక్కువ తింటావా, కలలో ఎత్తు నుంచి పడతావా అని అడిగేవాణ్ని. అరగంట తిరక్కుండా అతగాడు అన్నదమ్ముల తగాదా అంతా నా బల్ల మీద పరిచేవాడు. ఊళ్లో ఎవరింట్లో ఏ కుండ పగిలిందో నాకు తెలిసినంత పోలీసులకు తెలిసేది కాదు. అయితే చివర్లో చేతిలో నాలుగు తీపి గుళికలైనా పెట్టేవాణ్ని. మీ డాక్టరమ్మ అవీ పెట్టదట. ఏమీ ఇవ్వకుండా అన్నీ అడిగేవాళ్లను నేను నమ్మను.

నువ్వు ఎమ్మెస్ చదవడానికి వచ్చి, ఉర్దూ వచ్చినవాళ్లకు పౌరసత్వం ఇస్తామంటే ఈ దేశపు సైన్యంలో చేరిన రోజు కూడా ఇలాగే అనుమానించాను. భాష వస్తే చాలు అనే ఉద్యోగంలో భాష ఒక్కటే అడగరని. తర్వాత అఫ్ఘానిస్తాన్‌లో నీ బండి కింద బాంబు పేలింది, నీ వీపు ఆ రోజు నుంచి నీది కాకుండా పోయింది. కాబట్టి నా అనుమానాలను తేలిగ్గా తీసుకోకు.

ఆవిడ ఏమడుగుతుంది? ఎక్కడ రాసుకుంటుంది? రాసుకున్నది ఎవరు చదువుతారు? మూడింటికీ జవాబు రాయి. అత్తయ్య నిన్నూ త్రివేణినీ అడిగినట్టు రాయమంది. పాప వేదకు ముద్దులు.

అనుమానంతో,
మామయ్య


బాతెల్,
18 ఫిబ్రవరి 2025

మామయ్యకు నమస్కారాలు.

నీ ఉత్తరం చూసి త్రివేణి చాలాకాలం తర్వాత పెద్దగా నవ్వింది. టెన్త్ తర్వాత నేను తెలుగు రాయలేదు, తప్పులు దిద్దుకుని చదువు.

డాక్టర్ పేరు మార్లీన్. ఏమడుగుతుంది అంటే, ఆ రోడ్డు మీద ఆ రోజు ఏం జరిగిందో చెప్పమంటుంది. చెప్తాను. అయిపోయాక మళ్లీ మొదటి నుంచి చెప్పమంటుంది. కళ్లు మూసుకుని, ఇప్పుడే జరుగుతున్నట్టు. దాన్ని రికార్డ్ చేసి నాకే ఇస్తుంది, రోజూ వినమని. నేను కార్‌లో కూర్చుని వింటాను. మొదట్లో వినలేక కార్ దిగిపోయేవాణ్ని. ఇప్పుడు కొంచెం నయం. నయం అంటే వాంతి రావడం లేదు.

వీపు గురించి కూడా ఆమే చూస్తుంది. నా నొప్పి అంతా వీపులో లేదంటుంది. దెబ్బ తగిలిన చోట మెదడు ఇంకా కాపలా కాస్తోందట, యుద్ధం అయిపోయిందని దానికి ఎవరూ చెప్పలేదట. భయం పెరిగితే నొప్పి, నొప్పి పెరిగితే భయం.

రాసుకుంటుంది. ఎవరు చదువుతారో నేను అడగలేదు.

వేద నీకు బొమ్మ గీసింది. అది కుక్క. గుర్రం అనకు, ఏడుస్తుంది.

ఫణి


ఫ్రిస్కో,
27 ఫిబ్రవరి 2025

ఫణీ,

కుక్క బాగుంది. ఫ్రిజ్‌కు అతికించాం. మీ అత్తయ్య దాన్ని ఆవు అంది, ఆ సంగతి పాపకు చెప్పకు.

నీ ఉత్తరం చదివి నాకు ఒళ్లు మండింది. నొప్పి వీపులో లేదా? నీ వెన్నెముకలో బిగించిన ఇనుప మరలు మరి ఎవరి వీపులో ఉన్నాయట? ఎక్స్‌రే నేను కళ్లారా చూశాను. బాంబు పేల్చినవాడు శరీరం మీద పేల్చాడు గానీ మనసు మీద పేల్చలేదు. నొప్పి తలలో ఉందని ఈ రోజు రాసుకుంటారు. రేపు అసలు నొప్పే లేదని రాస్తారు. ఎల్లుండి ఇతనికి తల బాగా లేదని రాస్తారు. వరస చూశావా? నేను చూశాను.

ఇక్కడ నాతో వాకింగ్‌కు వచ్చే దత్తాత్రేయ అని ఒకాయన ఉన్నాడు. రిటైరైన తహసీల్దారు, ఏటా వచ్చి కొడుకు దగ్గర ఆరు నెలలు ఉంటాడు. మేం ఇద్దరం తెల్ల బూట్లు వేసుకుని ఈ కాలనీలో తిరుగుతుంటే కుక్కలు తప్ప పలకరించేవాళ్లు లేరు. ఆ కుక్కలకు కూడా మాకన్నా మంచి డాక్టర్లు ఉన్నారు. సరే, అది వేరే కథ. ఆయన చెప్పాడు. ఇర్వింగ్‌లో మనవాళ్లే ఒక కుటుంబమట. తండ్రి ఇలాగే మాటల డాక్టరు దగ్గర మనసు విప్పి ఏదో చెప్పుకున్నాడట. వారం తిరక్కముందే ఎవరో వచ్చి పిల్లను కారెక్కించుకుని వెళ్లిపోయారట, ఇంట్లో ఉంటే ప్రమాదమని.

డాక్టరుకూ లాయరుకూ అబద్ధం చెప్పకూడదంటారు. ఒప్పుకుంటాను. కానీ అంతా చెప్పమని ఏ పెద్దవాడూ అనలేదు. సగం చెప్పు. రోడ్డు సంగతి చెప్పు, అదెలాగూ వాళ్ల కాగితాల్లో ఉంటుంది. ఇంటి సంగతి అడిగితే మా ఇల్లు చల్లగా ఉందని చెప్పి లేచి రా. నీకో ఆడపిల్ల ఉందని మర్చిపోకు.

మీ అమ్మకు నేనేమీ చెప్పలేదు. అక్కయ్యకు తెలిస్తే ఆదోని నుంచి నడిచైనా వస్తుంది.

నీ మేలు కోరే,
మామయ్య


బాతెల్,
8 మార్చి 2025

మామయ్యకు,

వాన. ఇక్కడ వాన అని రాయడం అనవసరం, లేనప్పుడు రాస్తే చాలు.

నీ మాట విన్నాను. పోయిన మంగళవారం ఆమె ఒకటి అడిగింది, నేను లేదన్నాను. సగం చాలన్నావు కదా. అదేమిటో అడగకు.

ఇప్పుడు కొత్త పని పెట్టింది. ఇంట్లో నా ట్రిగ్గర్లు ఎక్కడెక్కడ ఉన్నాయో తిరిగి చూసుకోమంది. చూశాను. అనుకున్నదానికన్నా ఎక్కువే ఉన్నాయి. వంటింట్లో స్టవ్ పక్కనే ఒకటి. గరాజ్‌లో రెండు. అన్నిటికన్నా చెడ్డది వేద గదిలో ఉంది, బీరువా పైన. త్రివేణికి ఇవేమీ తెలియవు. తెలిస్తే అన్నీ తీసి బయట పారేస్తుంది. డాక్టర్ తీయొద్దంటుంది. రోజూ కాసేపు దగ్గరకెళ్లి కూర్చో, చేత్తో ముట్టుకో, అలవాటవుతుంది అంటుంది. నిన్న వేద లేనప్పుడు ఆ గదిలోకి వెళ్లి కూర్చున్నాను. పారిపోవాలనిపించింది గానీ బయటికి రాలేదు.

ఇది మంచి కబురే మామయ్యా. మంచి కబురని రాస్తున్నాను.

ఫణి


ఫ్రిస్కో,
14 మార్చి 2025

ఫణీ,

నాకు కోపమూ భయమూ రెండూ ఉన్నాయి, ఏది ముందు రాయాలో తెలియడం లేదు. అందుకని చేసిన పని ముందు రాస్తాను.

నీ ఉత్తరం నిన్న మధ్యాహ్నం అందింది. చదివాక కుర్చీలో కూర్చోలేకపోయాను. మీ అత్తయ్య మజ్జిగ తెస్తే గ్లాసు పట్టుకునే ఫోన్ దగ్గరకు వెళ్లాను. నీకు చేయలేదు. త్రివేణికి చేశాను. పాపను తీసుకుని ముందు ఇంట్లోంచి బయటపడమ్మా, తర్వాత అన్నీ చెప్తాను అన్నాను. ఏం జరిగిందో చెప్పకపోతే కదలనంది. చెప్పాను. ఇల్లంతా తుపాకులు పెట్టాడమ్మా, స్టవ్ పక్కన, గరాజ్‌లో, పాప పడుకునే గదిలో బీరువా మీద కూడా, వాడే రాశాడు అని చెప్పాను. తర్వాత థాంక్యూ బాబాయిగారూ అని పెట్టేసింది.

ట్రిగ్గర్ అంటే ఏమిటో నాకు తెలియదనుకున్నావా? తెలుగు మీడియం వాణ్నే గానీ తుపాకీకి మీట ఎక్కడుంటుందో తెలియనివాణ్ని కాదు. మిల్లులో సెక్యూరిటీ దివాకర్ దగ్గర జోడు గొట్టాల తుపాకీ ఉండేది. జీవితంలో ఒక్కసారి పేల్చాడు. కోతి మీద. తగల్లేదు. ఆ కోతి ఆ తర్వాత రోజూ అతని ఎదురుగానే వచ్చి కూర్చునేది. ఎందుకు రాస్తున్నానో తెలియదు, భయమేస్తే నాకు పాత సంగతులు వస్తాయి.

అసలు ఆ డాక్టరమ్మ ఎవరు? యుద్ధం నుంచి వచ్చినవాడికి తుపాకుల పక్కన కూర్చో, ముట్టుకో, అలవాటు చేసుకో అని చెప్పే వైద్యం ఏ పుస్తకంలో ఉంది? మొదటి నుంచీ నా మనసు చెబుతూనే ఉంది. ఈవిడ నిన్ను మళ్లీ సైన్యానికి తయారు చేస్తోంది.

నా మీద కోపం తెచ్చుకో. తర్వాత ఆ తుపాకులు తీసేయి.

మామయ్య


బాతెల్,
22 మార్చి 2025

మామయ్యకు,

ట్రిగ్గర్ అంటే డాక్టర్ల భాషలో తుపాకీ మీట కాదు. ఒక చప్పుడో, వాసనో, వస్తువో మనల్ని మళ్లీ ఆ రోజులోకి తోసేస్తే దాన్ని ట్రిగ్గర్ అంటారు.

వంటింట్లో ఉన్నది ప్రెషర్ కుక్కర్. విజిల్‌కి ముందు బుసకొడుతుంది చూడు, అది. గరాజ్‌లో ఒకటి షట్టర్ కిందికి దిగే చప్పుడు, రెండోది ఇంజన్ ఆయిల్ వాసన. వేద గదిలో బీరువా పైన ఉన్నవి పుట్టినరోజుకి మిగిలిన బెలూన్లు. ఎప్పుడు ఏది పగులుతుందో తెలియదు. త్రివేణికి చెప్పకపోవడానికి కారణం సిగ్గు. బెలూన్‌కి భయపడే సోల్జర్.

ఇది నీకు ముందే వివరంగా రాయాల్సింది. నాకు ఆ మాట రోజూ వినపడేదే, నీకు కొత్త అని తట్టలేదు.

ఇప్పుడు జరిగింది రాస్తాను. నువ్వు ఫోన్ చేసినప్పుడు నేను ఆఫీస్‌లో ఉన్నాను. త్రివేణి వేదను తీసుకుని ఫ్రెండ్ భానుశ్రీ ఇంటికి వెళ్లిపోయింది. తర్వాత పాపను అక్కడ వదిలి వాళ్లిద్దరూ తిరిగొచ్చి ఇల్లంతా వెతికారు. బియ్యం డబ్బాలో చేతులు పెట్టారు. బీరువా పైన బెలూన్లు తీసి చూశారు. నువ్వు చెప్పిన చోట్ల ఏమీ దొరకలేదు. అక్కడితో ఆపేసి నీకు ఫోన్ చేసి తిట్టి ఉంటే బాగుండేది. త్రివేణి ల్యాబ్‌లో పనిచేసే మనిషి, వెతకడం మొదలుపెడితే సగంలో ఆపదు. అటక మీద నా పాత కిట్‌బ్యాగ్ ఉంది. అందులో దొరికింది.

ఒకటే. నవంబర్‌లో కొన్నాను. వీపు కూర్చోనివ్వక, పడుకోనివ్వక నన్ను తినేసిన ఆ వారంలో. ఎందుకు కొన్నానో నాకు తెలుసు. నీకూ అర్థమవుతుంది. రాయను.

డాక్టర్ అడిగితే నేను లేదన్నది దాని గురించే. ఇంట్లో తుపాకీ ఉందా అని ఆమె మొదటి రోజే అడిగింది, అప్పుడూ లేదన్నాను. ఈ నెలలో మళ్లీ అడిగినప్పుడు చెబుదామనే నోరు తెరిచాను. నీ ఉత్తరం జేబులో ఉంది. ఇర్వింగ్ పిల్ల గుర్తొచ్చింది. లేదన్నాను.

త్రివేణి దాన్ని తీసుకెళ్లింది. ఎక్కడికో చెప్పలేదు, నేనూ చెప్పొద్దన్నాను. ఎందుకు కొన్నావని కూడా అడగలేదు. వాళ్లిద్దరూ ఇంకా భానుశ్రీ ఇంట్లోనే ఉన్నారు. వేదకు మాత్రం నాన్నకి ఆఫీస్ పని ఎక్కువగా ఉందని చెప్పిందట.

ఈ మంగళవారం నేను వెళ్లలేదు. వచ్చే మంగళవారం కూడా వెళ్లను. వెళ్తే చెప్పాలి. చెప్తే వేదను రానివ్వరు. చెప్పకుండా మళ్లీ ఆ రోడ్డు కథ చెప్పడం నావల్ల కాదు.

నీ తప్పేం లేదు. ఉంది గానీ, నువ్వు అనుకునేది కాదు.

ఫణి


ఫ్రిస్కో,
26 మార్చి 2025

ఫణీ, నాయనా,

ప్రణీత చేత ఎక్కువ స్టాంపులు అంటించి, ఎల్లుండికే చేరే కవరులో ఇది పంపిస్తున్నాను.

నేను నీకు ఎన్ని ప్రశ్నలు రాశాను? ఏమడుగుతుంది, ఎక్కడ రాస్తుంది, ఎవరు చదువుతారు. అడగాల్సిన ప్రశ్న ఒక్కటుంటే అది ఆవిడే అడిగింది. నాకు తట్టలేదు. డాక్టరమ్మ మీద నా అనుమానం ఇంకా పూర్తిగా పోలేదు, అంత తొందరగా పోయే సరుకు కాదది. కానీ ఆ ప్రశ్న రెండుసార్లు అడిగిన మనిషిని నేను ఇకమీదట తిట్టను.

నిన్న పొద్దున దత్తాత్రేయను పట్టుకున్నాను. ఇర్వింగ్‌లో ఆ పిల్లను తీసుకెళ్లింది ఎవరు, తండ్రి పేరేమిటి, చెప్పండి, వాళ్లతో మాట్లాడాలన్నాను. ఆయన నడక ఆపి నన్ను ఎగాదిగా చూశాడు.

"నన్నడుగుతారేమిటండీ? పోయిన వేసవిలో నాకు చెప్పింది మీరే కదా."

"నేనా?"

"మీరే. ఆ బెంచీ మీదే. మీకెవరో గుళ్లో చెప్పారన్నారు."

గుళ్లో నాకు ఎవరు చెప్పారో ఎంత ఆలోచించినా గుర్తు రాలేదు. చెప్పిన మనిషి ముఖం లేదు, తండ్రికి పేరు లేదు, పిల్లకు ఊరు తప్ప ఏమీ లేదు. నేనే వదిలిన గాలి ఊరంతా తిరిగి నా ముక్కుకే తగిలితే, తహసీల్దారు చెప్పాడు కాబట్టి నిజమనుకున్నాను. దాన్ని తీసి నీ జేబులో పెట్టాను.

తర్వాత త్రివేణికి ఫోన్ చేశాను. ఎత్తదనుకున్నాను, ఎత్తింది. తిట్టమ్మా అన్నాను. తిట్టలేదు.

"బాబాయిగారూ, మీరు చెప్పిన చోట్లలో ఒక్కటీ లేదు. మీరు చెప్పకపోతే నేను అసలు వెతికేదాన్నీ కాదు" అంది.

ఇంటికి వెళ్తావా అమ్మా అని అడిగాను. ఆమె అన్నది అన్నట్టు రాస్తున్నాను, నా మసాలా ఏమీ కలపడం లేదు.

"తను డాక్టర్‌కి చెప్పాక వెళ్తాను. నాకు చెప్తే సరిపోదండీ. నాకు చెప్తే ఇద్దరం కూర్చుని ఏడుస్తాం, అంతే. ఆ తర్వాత ఏం చేయాలో ఆమెకు తెలుసు, నాకు తెలియదు."

సగం చెప్పమన్నది నేను. మిగతా సగం చెప్పమంటున్నదీ నేనే. పిల్లను తీసుకుపోతారేమో అని నీకు భయం. నిజంగా అడుగుతున్నాను, ఇప్పుడు పిల్ల ఎక్కడుంది? ఎవరూ రాకుండానే, ఎవరూ ఏమీ రాయకుండానే, నీ దగ్గర లేదు కదా.

మంగళవారం ఏప్రిల్ ఒకటో తారీఖు. వెళ్లు. త్రివేణిని తోడు రమ్మని అడుగు. నేను అడిగాను, నువ్వు అడిగితే వస్తానంది.

ఈ ఉత్తరం జేబులో పెట్టుకోకు. ఇంట్లో వదిలేసి వెళ్లు.

మామయ్య


బాతెల్,
7 ఏప్రిల్ 2025

మామయ్యకు నమస్కారాలు.

వెళ్లాను. త్రివేణే డ్రైవ్ చేసింది. దారిలో ఒక్కసారి హీటర్ తగ్గించనా అని అడిగింది, అంతే.

కూర్చోగానే, ఇంతకుముందు లేదన్నాను, ఉంది, నవంబర్‌లో కొన్నాను అన్నాను. ఎందుకు కొన్నానో కూడా చెప్పాను. త్రివేణి పక్కనే ఉంది. నా ఇంగ్లీష్‌లో అది చిన్న వాక్యం. డాక్టర్ థాంక్యూ అంది. చెప్పినందుకు థాంక్యూ ఏమిటో. ముందు ఎందుకు చెప్పలేదని అడిగితే మా మామయ్య వద్దన్నాడని చెప్పాను. నీ గురించి చాలాసేపు అడిగింది. నువ్వు హోమియో డాక్టర్‌వని చెప్తే, ఒక పేషెంట్‌ని ఎంతసేపు కూర్చోబెట్టేవాడు అంది. అరగంట అన్నాను. నాకన్నా ఫాస్ట్ అంది.

రాసుకుందా అని అడుగుతావు. రాసుకుంది. ఏం రాశావని అడిగాను, కాగితం నా వైపు తిప్పింది. చేతిరాత ఘోరం, ఒక్క ముక్క చదవలేకపోయాను. ఎవరు చదువుతారని కూడా అడిగాను. వైద్యం చేసేవాళ్లు తప్ప ఎవరూ కాదట, ప్రాణం మీదికి వస్తే తప్ప. వస్తే ఎవరికి ఫోన్ చేస్తారో కూడా చెప్పింది. ముందు నాకే చేస్తారట, తర్వాత త్రివేణికి.

పిల్ల సంగతి కూడా అడిగాను. అడగడానికి చాలా టైమ్ పట్టింది. మీ పాపకి నాన్న కావాలి, మేం చేస్తున్నది అందుకే అంది. నమ్మానా అంటే, సగం నమ్మాను. నీ మేనల్లుణ్ని కదా.

ఆ వస్తువు దొరికిన రోజే త్రివేణి దాన్ని పోలీస్ స్టేషన్‌లో అప్పగించేసిందట. వాళ్లు రసీదు ఇచ్చి పంపారు, పాప గురించి ఎవరూ ఒక్క మాట అడగలేదు. తిరిగి ఇమ్మని నేను అడగనని డాక్టర్ ముందు ఒప్పుకున్నాను. ఇకనుంచి వారానికి రెండుసార్లు రమ్మంది. కొన్నాళ్లు త్రివేణిని కూడా. వీపు అలాగే ఉంది, ఇది రాస్తూ మూడుసార్లు లేచాను.

త్రివేణి ఆ రోజు నన్ను ఇంటి దగ్గర దింపి భానుశ్రీ ఇంటికే వెళ్లిపోయింది. తర్వాత బుధ, గురు, శుక్ర, శని ఏ కబురూ లేదు. నేను అడగలేదు.

నిన్న ఆదివారం మధ్యాహ్నం కార్ వచ్చింది. వేద వెనక సీట్‌లో నిద్రపోతోంది. నేను వంగబోయాను. నీ వీపు, వద్దు అంది త్రివేణి. తనే పాపను భుజాన వేసుకుంది. నేను తలుపు తీసి పట్టుకున్నాను. వాళ్లు లోపలికి వెళ్లారు.

ఫణి